పడవలో వెళ్లి మంచె మీద ఎందుకు పడుకుంటారు?

చేలో పందుల కాపలాకు రైతు కట్టే మంచె మీరు చూసే ఉంటారు. అమెరికాలో జార్జియా రాష్ట్రపు ఒకెఫెనోకీ చిత్తడిలో విహారానికి వెళ్లేవాళ్లు అలాంటి చెక్క మంచెల మీదే రాత్రి గడుపుతారు. పొద్దంతా తెడ్డు వేసుకుంటూ వెళ్లి, పడవను మంచెకు కట్టేసి, పైన గుడారం వేసుకుంటారు.

నేల మీదే వేసుకోవచ్చుగా? చాలాచోట్ల గట్టినేల దొరకదు. కాలు పెడితే పరుపులా ఊగుతుంది. ఒకెఫెనోకీ అన్న పేరుకు అర్థమే 'వణికే నేల' అంటారు. అది మట్టి కాదు, పీట్. నిలవ నీటి అడుగున ఆక్సిజన్ అందదు కాబట్టి, రాలిన ఆకులూ కొమ్మలూ పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లుగా పొర మీద పొర పేరుకున్నాయి. కొన్నిచోట్ల 15 అడుగుల మందం! లోపల పుట్టిన మీథేన్ ఒక్కోసారి పీట్ ముద్దను పైకి తేలుస్తుంది. దాని మీద గడ్డి, ఆనక చెట్లు మొలుస్తాయి. చుట్టూ నీళ్లలో మొసళ్లకు చుట్టాలైన ఎలిగేటర్లుంటాయి. అందుకే చీకటి పడకముందే మంచె చేరాలి.

మన మందమర్రి బొగ్గు పుట్టిందీ ఇలాంటి చిత్తడిలోనే. 25 కోట్ల ఏళ్లకు ముందు ఈ గోదావరి లోయలో, నాలుకలాంటి ఆకులున్న గ్లోసోప్టెరిస్ చెట్లు నీళ్లలో కూలి పీట్ అయ్యాయి. పైన ఇసుక, బురద పేరుకుని, ఆ బరువుకూ లోతులోని వేడికీ నీరు పిండుకుపోయి పీట్ బొగ్గుగా మారింది.

ఒక బొగ్గు పెళ్లను ఎండలో తిప్పి అంచు చూడండి. మెరిసే చార, మసక చార, మళ్లీ మెరిసే చార. మెరిసేది ఎక్కువగా ఒకనాటి కట్టె, బెరడు. మసకది ఆ నీటి అడుగున దిగిన సన్నని చెత్త, బురద.