హీటర్ రిలే అంటే ఏ రిలే?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని హాస్టల్ నుంచి కబురు వచ్చినప్పుడు మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కవితలు రాసే అన్నలు మన హాస్టల్‌లో ఎప్పుడూ కొదవ లేరు. మాకు తెలిసిందల్లా బండ్ల కరెంటు పని. ఒకే గదిలో మూడు ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని చదివిన మేము ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో చిన్న ఎలక్ట్రికల్ స్పేర్ పార్టుల కొట్టు నడుపుతున్నాం. 2019 నుంచి ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతున్నాం. అందులో మమ్మల్ని బాగా ఏడిపించిన వస్తువు హీటర్ రిలే. దాని గురించే తమ్ముళ్ళకు చెప్పదలచుకున్నాం.

ముందు రిలే అంటే ఏమిటో చూద్దాం. ఇనుప మేకుకు రాగి తీగ చుట్టి, బ్యాటరీ తగిలించి, గుండుసూదులు అంటించిన ప్రయోగం మీరందరూ బడిలో చేసే ఉంటారు. రిలే లోపల ఉన్నది అదే. సన్న తీగ చుట్టిన కాయిల్‌లో కొద్దిపాటి కరెంటు పారితే అది అయస్కాంతమై ఒక రేకును లాగుతుంది, ఆ రేకు రెండు కాంటాక్టులను కలుపుతుంది, వాటి గుండా పెద్ద కరెంటు పోతుంది. డ్రైవరు దగ్గరున్న చిన్న స్విచ్చి 60 ఆంపియర్లు మోయలేదు. అది రిలేకు సైగ మాత్రం చేస్తుంది, బరువు రిలే మోస్తుంది. వార్డెన్ గారు ఈల వేస్తే రెండు వందల మందీ ప్రేయరుకు వచ్చి నిలబడినట్టన్నమాట.

ఇక హీటర్ సంగతి. చిక్కంతా ఈ మాటలోనే ఉంది. మన వైపు మెకానిక్ హీటర్ అంటే డీజిల్ ఇంజనులో ఉండే హీటర్ ప్లగ్గు. డీజిల్ ఇంజనుకు స్పార్కు ఉండదు, గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. చలి ఉదయాన ఆ వేడిని చల్లటి సిలిండరు గోడలు లాగేసుకుంటాయి కాబట్టి ముందుగా ప్లగ్గును ఎర్రగా కాల్చాలి. ఒక్కో ప్లగ్గు 10 నుంచి 15 ఆంపియర్లు లాగినా నాలుగింటికీ కలిపి 40 నుంచి 60 అవుతుంది. దీనికి సాధారణంగా 70 ఆంపియర్ల రిలే వాడతారు. కారు లోపల వేడి గాలి విసిరే ఫ్యాను రిలేను కూడా కొందరు హీటర్ రిలే అనే అడుగుతారు. దానికి మామూలు 30 ఆంపియర్లది చాలు.

మూడోది ఆగ్జిలరీ హీటర్, అంటే అదనపు హీటరు. మన ఊళ్ళలో దీని అవసరం ఎవరికీ రాదు. కొత్త తరం డీజిల్ ఇంజన్లు ఇంధనాన్ని పొదుపుగా వాడుకుంటాయి, వృథాగా పోయే వేడి తక్కువ. యూరప్ చలిలో ఇంజను నీళ్ళు వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. అప్పటిదాకా కారులో కూర్చున్నవాళ్ళు వణకాల్సిందే. అందుకని గాలి దారిలోనే పి.టి.సి. అనే పింగాణీ బిళ్ళల హీటరు పెడతారు. వేడెక్కేకొద్దీ ఆ బిళ్ళల నిరోధం పెరిగి కరెంటు దానంతటదే తగ్గుతుంది. ఓము నియమం చదివిన తమ్ముళ్ళకు ఇది బాగా నచ్చుతుంది. ఇలాంటి హీటరు సుమారు 1000 వాట్లు ఉంటుంది. నడుస్తున్న బండిలో 13.5 వోల్టులు అనుకుని భాగించండి, దాదాపు 74 ఆంపియర్లు వస్తుంది. ఇంతటినీ ఒక్కసారిగా వేస్తే ఆల్టర్నేటరు మీద భారం పడుతుంది కాబట్టి చాలా కార్లలో రెండు మూడు భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక్కో రిలే పెడతారు. ఇది కాక, వెబాస్టో, ఎబర్‌స్పేషర్ అనే జర్మన్ కంపెనీలు కొంచెం డీజిల్‌నే మండించి నీళ్ళను వేడిచేసే హీటర్లు కూడా తయారుచేస్తాయి. వాటినీ ఆగ్జిలరీ హీటర్లనే అంటారు!

ఇన్నిటికీ ఒకటే పేరు. మేము చేసిన తప్పు చెబుతాం. ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టిన కొత్తలో "హీటర్ రిలే, 12 వోల్టులు, అన్ని డీజిల్ బండ్లకూ" అని రాసి, పైనుంచి తీసిన ఒక ఫోటో పెట్టాం. డిసెంబరులో పాడేరు వైపు ఏజెన్సీ నుంచి ఒక జీపు డ్రైవరు ఆర్డరు పెట్టారు. లంబసింగి పక్క చలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. మేము పంపింది 30 ఆంపియర్లది. అసలైతే అది ఆ బేసులో సరిగ్గా కూర్చోకూడదు. 70 ఆంపియర్ల రిలేకు కరెంటు మోసే రెండు రేకులూ 9.5 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటాయి, మామూలు దానికి 6.3 మాత్రమే. కానీ ఆ జీపులో అంతకుముందే ఎవరో అసలు బేసు పీకేసి మామూలు బేసు పెట్టారు. నాలుగు ఉదయాలు బాగానే పనిచేసింది. అయిదో రోజు కాంటాక్టులు కరిగి అతుక్కుపోయాయి. తాళం తీసినా ప్లగ్గులు కాలుతూనే ఉన్నాయి. తెల్లారేసరికి బ్యాటరీ చచ్చింది, రెండు ప్లగ్గులు మాడాయి.

ఆయన ఫోన్ చేసి తిట్టలేదు. "బాబూ, హీటర్ రిలే అని మీరే రాశారు గదా, నేనేం తప్పు చేశానో చెప్పండి" అన్నారు. ఆ రోజు సంత. సంత రోజు జీపు కదలకపోతే ఆ వారం ఇల్లు గడవడం కష్టం. రిలే డబ్బులు, ప్లగ్గుల డబ్బులు పంపాం. పోయిన సంత బేరం మాత్రం మేము తిరిగి ఇవ్వలేకపోయాం. మన హాస్టల్‌లో చదివినవాళ్ళలో ఎంతమంది నాన్నలు అలా రోజు కూలీ మీద, రోజు బేరం మీద బతికారో మాకు తెలియంది కాదు.

కొట్టులో అయితే ఈ తప్పు జరగదు. పాత రిలే చేతిలో పట్టుకుని వస్తారు, పక్కన పెట్టి చూసి ఇస్తాం. ఆన్‌లైన్‌లో ఆ చెయ్యి ఉండదు. అందుకే ఇప్పుడు మా పేజీలో రిలే అడుగు భాగం ఫోటోయే మొదట ఉంటుంది. అడుగున ఉండే 30, 85, 86, 87 అంకెలు జర్మన్ ప్రమాణం డి.ఐ.ఎన్. 72552 నుంచి వచ్చాయి. 85, 86 కాయిల్‌వి. 30కి బ్యాటరీ నుంచి కరెంటు వస్తుంది, 87 నుంచి హీటరుకు పోతుంది. 87ఎ ఉంటే అది రిలే పడుకుని ఉన్నప్పుడు కలిసి ఉండే కాంటాక్టు.

చూడ్డానికి అచ్చం ఒకేలా ఉండే రిలేలలో 30, 86 చోట్లు తారుమారైన రెండు రకాలు ఉన్నాయి. ఒకదాని సాకెట్టులో రెండోది హాయిగా దూరుతుంది. అప్పుడు బ్యాటరీ లావు తీగ కాయిల్‌కూ, స్విచ్చి సన్న తీగ కాంటాక్టుకూ తగులుతాయి. 85 ఎర్తుకు కట్టి ఉన్న బండిలో కాయిల్ రాత్రింబవళ్ళు కరెంటు తాగుతూ ఉంటుంది. స్విచ్చి వేయగానే హీటరు కరెంటంతా ఆ సన్న తీగలోంచి లాగుతుంది. ఇక తీగ కాలడమే తరువాయి. అలాగే కొన్ని రిలేలలో కాయిల్‌కు అడ్డంగా డయోడు ఉంటుంది. కాయిల్ ఆగినప్పుడు పుట్టే వోల్టేజి పోటును అది మింగేస్తుంది. కానీ అలాంటి రిలేకు 85, 86 తిరగేసి కలిపితే డయోడు గుండా షార్టు అవుతుంది. పైన చిన్న బొమ్మలో డయోడు గుర్తు గీసి ఉంటుంది, కళ్ళజోడు పెట్టుకుని చూడాలి.

వోల్టులు కూడా చూడాలి. కార్లు, జీపులు 12, పెద్ద లారీలు, బస్సులు 24. మీటరు పెడితే 12 వోల్టుల కాయిల్ 80 నుంచి 100 ఓములు, 24 వోల్టులది 300 పైన చూపిస్తుంది. ఒకటి ఒకచోట మాడిపోతుంది, రెండోది ఇంకోచోట లాగనే లాగదు.

చట్టం సంగతి క్లుప్తంగా. రిలేలకు జి.ఎస్.టి. కింద హెచ్.ఎస్.ఎన్. నంబరు 8536తో మొదలవుతుంది. ఆన్‌లైన్‌లో పెట్టే పేజీలో ఎం.ఆర్.పి., తయారీదారు పేరు, తయారైన దేశం చూపాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, మనం రాసినట్టు వస్తువు లేకపోతే వెనక్కి తీసుకోనని అమ్మేవాడు అనకూడదు. వెనక్కి వచ్చిన ప్రతి పొట్లానికీ రానుపోను కొరియరు ఖర్చు మాదే అయ్యేది. ఒక్క రిలే తిరిగొస్తే పది అమ్మిన లాభం పోయేది.

ఇప్పుడు ఆర్డరు రాగానే ఫోన్ చేసి పాత రిలే అడుగు ఫోటో, దాని మీది నంబరు, బండి మోడలు, సంవత్సరం అడుగుతాం. కొందరు విసుక్కుని ఆర్డరు రద్దు చేస్తారు. చేసుకోనిస్తాం. ఆగ్జిలరీ హీటరు అని అడిగిన వాళ్ళకు నంబరు కలవకపోతే మా దగ్గర లేదనే చెబుతాం. పాడేరు డ్రైవరు గారు మాత్రం ఇప్పటికీ మా దగ్గరే కొంటున్నారు, ఫోటో మేము అడగకముందే పంపిస్తారు.

మా కొట్టులో ఒక డబ్బా నిండా కాలిపోయిన రిలేలు దాచి ఉంచాం. సంక్రాంతి సెలవుల్లో వచ్చే ఐ.టి.ఐ. తమ్ముళ్ళు మూత ఊడదీసి అతుక్కున్న కాంటాక్టులు చూడవచ్చు. మల్టీమీటరు మా దగ్గర ఉంది. మంచి స్క్రూడ్రైవరు ఒకటి మీరే తెచ్చుకోండి, మాది పోయినేడు వచ్చిన తమ్ముళ్ళలో ఎవరో పట్టుకెళ్ళారు.