మినీ ట్రాక్టర్ కొనే ముందు సాలు కొలవండి, టైరు చూడండి

ఎద్దులు తగ్గాయి, గుంటక తోలే మనిషి దొరకడం కష్టమైంది. అందుకే కల్వకుర్తి చుట్టుపక్కల చిన్న రైతులు కూడా మినీ ట్రాక్టర్ కొనాలా అని ఆలోచిస్తున్నారు. షోరూంకు వెళితే ముందు హెచ్‌పీ, ఆ తర్వాత కిస్తీ చెబుతారు. కానీ బండి మీ చేనుకు పనికొస్తుందో లేదో తేల్చేవి మీ సాళ్ల దూరం, మీ నేల, ఆ నేలను పట్టే టైరు. ఇవి మీరే చూసుకోవాలి.

కొనాలా, కిరాయికి తీసుకోవాలా?

ముందు నోటుపుస్తకంలో ఈ లెక్క వేయండి. అర్థం కావడానికి కొన్ని అంకెలు అనుకుందాం. కిస్తీ, బీమా, రిపేర్లు కలిపి ఏడాదికి రూ.1,00,000. ఎకరా ఒకసారి దున్నించడానికి కిరాయి రూ.1,200. సొంత బండితో అదే పనికి డీజిల్, కూలి రూ.600. అంటే ఎకరాకు మిగిలేది రూ.600. ఈ లెక్కన ఏడాదిలో సుమారు 167 ఎకరాల పని ఉంటేనే బండి ఖర్చు బండి నుంచి వస్తుంది. 5 ఎకరాల్లో 6 సార్లు తోలినా 30 ఎకరాల పనే అవుతుంది. మిగతాది పక్క రైతుల దగ్గర కిరాయికి దొరుకుతుందా? దొరకకపోతే ఇద్దరు ముగ్గురు కలిసి కొనడమో, కిరాయికే తోలించుకోవడమో మేలు. మీ ఊరి ధరలతో ఈ లెక్క మళ్లీ వేసుకోండి.

సాలుకు సరిపోయే బండి

పత్తిలో సాళ్ల మధ్య 90 సెం.మీ. ఉంటే, వెనక చక్రాల మధ్య దూరం కూడా మధ్య నుంచి మధ్యకు 90 సెం.మీ.కు సరిచేసుకునే వీలుండాలి. అప్పుడు ఒక సాలు బండి కిందికి వస్తుంది, చక్రాలు అటూ ఇటూ సాళ్ల నడుమ నడుస్తాయి. 8.3 అంగుళాల టైరు వెడల్పు సుమారు 21 సెం.మీ. కాబట్టి మొక్కకూ టైరుకూ మధ్య 34 సెం.మీ. దాకా మిగులుతుంది. అయితే మొక్క ఎత్తు బండి అడుగుకు తగిలే దాకానే ఇలా నడపగలం.

మొక్క పెరిగాక బండి మొత్తం రెండు సాళ్ల మధ్య దూరాలంటే, బండి వెడల్పుకు అటూ ఇటూ 15 సెం.మీ. చొప్పున కలపాలి. 120 సెం.మీ. సాళ్లలో 90 సెం.మీ. వెడల్పు బండి పడుతుంది. 90 సెం.మీ. సాళ్లలో బండి దూరదు, అక్కడ పవర్ వీడరే దిక్కు. కొల్లాపూర్ వైపు మామిడి తోటల్లో వెడల్పుతో ఇబ్బంది లేదు. కొమ్మలకు తగలకుండా బండి ఎత్తు, సైలెన్సర్ గొట్టం ఎత్తు చూసుకోవాలి.

హెచ్‌పీ ఎంత?

ఇంజిన్ హెచ్‌పీ వేరు, రోటవేటర్‌ను తిప్పే పీటీవో హెచ్‌పీ వేరు. పీటీవోకు చేరేది ఎప్పుడూ తక్కువే, కాబట్టి దాన్నే అడగండి. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షిస్తుంది. ఆ పరీక్ష నివేదిక చూపించమని డీలర్‌ను అడగవచ్చు. 24 హెచ్‌పీ బండికి మూడున్నర, నాలుగు అడుగుల రోటవేటర్ సరిపోతుంది. అంతకన్నా పెద్దది తగిలిస్తే ఇంజిన్ మీద భారం పడుతుంది.

చెల్కకు ఒక టైరు, మడికి ఒక టైరు

టైరు పక్కన ఆర్-1, ఆర్-2 అని రాసి ఉంటుంది. ఆర్-1 మెట్ట పనులకు. పత్తి, మొక్కజొన్న, వేరుశనగ వేసే ఎర్ర చెల్కల్లో ఇదే చాలు. ఆర్-2 టైరు గట్లు చాలా లోతుగా ఉంటాయి, బురదలో బాగా పడుతుంది. కానీ గట్టి నేల మీద, తారు రోడ్డు మీద త్వరగా అరిగిపోతుంది. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లతో వరి పెరిగినా, ఏడాదిలో ఎక్కువ రోజులు మెట్ట పనులే ఉంటే ఆర్-1 తీసుకుని, దమ్ముకు మాత్రం కేజీ వీల్స్ బిగించుకోండి. కేజీ వీల్స్‌తో తారు రోడ్డు ఎక్కవద్దు. రోడ్డు పాడవుతుంది, కేసూ అవుతుంది.

రాళ్ల చెల్కలో, పత్తి కట్టె కొట్టిన చేలో పంక్చర్లు ఎక్కువ. అలాంటి చోట ఎక్కువ ప్లై ఉన్న టైరు నయం. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ముందు, వెనక టైర్ల కొలతలకు లెక్క ఉంటుంది. ఒకవైపు వేరే సైజు వేస్తే ముందు గేర్లు పాడవుతాయి. రోడ్డు మీద ఫోర్ వీల్ తీసేసి నడపండి.

టైరు జారుతోందా? ఇలా చూడండి

టైరు మీద సుద్దతో గీత పెట్టండి. పనిముట్టు భూమిలో దింపి, చక్రం 10 సార్లు తిరిగేంత దూరం నడిపి, మొదలు, చివర గుర్తు పెట్టండి. అదే దూరం పనిముట్టు ఎత్తి మళ్లీ నడపండి.

• ఎనిమిదిన్నర నుంచి 9 చుట్లు వస్తే పట్టు సరిగా ఉంది.
• 8 కంటే తగ్గితే టైరు బాగా జారుతోంది. డీజిల్, టైరు రెండూ వృథా. బరువు పెంచాలి.
• తొమ్మిదిన్నర దాటితే బరువు ఎక్కువైంది. అనవసరంగా నేల గట్టిపడుతుంది.

బరువు కోసం వెనక టైర్లలో నీళ్లు నింపవచ్చు. వాల్వు పైకి ఉంచి, వాల్వు దాకా నింపితే టైరులో ముప్పావు వంతు అవుతుంది. వరి దమ్ముకు ముందు ఆ నీళ్లు తీసేయండి, లేకపోతే బండి దిగబడుతుంది. దుక్కిలో వెనక టైరుకు 12 నుంచి 14 పీఎస్‌ఐ గాలి సాధారణంగా సరిపోతుంది. ట్రాలీతో రోడ్డెక్కినప్పుడు బండి పుస్తకంలో చెప్పినంత పెంచండి.

అడ్వాన్స్ ఇచ్చే ముందు

2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, ట్రాక్టర్ టైర్లు, ట్యూబులపై 18 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో అది కనిపించాలి. సర్వీసు, విడిభాగాలు కల్వకుర్తిలోనో నాగర్‌కర్నూల్‌లోనో దొరుకుతాయా అని కనుక్కోండి. సందేహాలుంటే పాలెం కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, డెమో షోరూం ముందు కాదు, మీ చేలో, మీ పనిముట్టుతో ఇవ్వమనండి. మీ సాలులో తిరిగిన బండికే అడ్వాన్స్ ఇవ్వండి.