‘బాండికూట్’ – ఒక తెలుగు మాట దేశాటనం

ఆంగ్ల నిఘంటువులలోకి తెలుగు నుంచి నేరుగా చేరిన మాటలు వేళ్ళమీద లెక్కపెట్టదగినన్నే. వాటిలో వివాదానికి తావులేనిది ‘బాండికూట్’. ఇది మన పందికొక్కే. యూల్, బర్నెల్ కూర్చగా 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు దీని మూలం తెలుగేనని స్పష్టంగా చెప్పింది. దీనిని ‘ఏదో భారతీయ భాషాపదం’ అని దాటవేసే అలవాటు మాకు నచ్చదు. ఏ భాషదో తేల్చడానికి ఆధారాలు ఉన్నప్పుడు ఆ భాష పేరు చెప్పడమే న్యాయం.

ఆ ఆధారాలు మీ చుట్టూనే ఉన్నాయి. బెంగుళూరులోనో బళ్ళారిలోనో చదివేవారు ఇదే జంతువును ‘హెగ్గణ’ అనడం వినే ఉంటారు. తమిళనాట ‘పెరుచ్చాళి’, మహారాష్ట్రలో ‘ఘూస్’ అంటారు. వీటిలో ఏదీ ‘బాండికూట్’కు దగ్గరగా లేదు. పంది అన్న మాటకు తమిళంలో ‘పన్ఱి’, కన్నడంలో ‘హంది’ అనే తోబుట్టువులున్న మాట నిజమే. కాని పందినీ కొక్కునూ జతచేసి ఈ జంతువుకు పేరుపెట్టింది తెలుగువారు. కొక్కు అంటే పెద్ద ఎలుక. కోపం వచ్చినా, బెదిరినా ఇది పందిలా గురుగురుమంటుంది, మట్టి పెళ్ళగిస్తుంది. పేరు ఊరకే రాలేదు.

మరి ‘ప’ ఎందుకు ‘బ’ అయింది? ఆంగ్లేయులు మాట మొదటి ‘ప’ను కొంచెం ఊపిరి వదిలి, మన ‘ఫ’కు దగ్గరగా పలుకుతారు. ఊపిరి ఒత్తు లేని మన ‘ప’ వారి చెవికి ‘బ’ లాగా వినిపిస్తుంది. ఇది పలికిన నోటి తప్పు కాదు, విన్న చెవి అలవాటు.

మొదటి అర్థం ఎలుకే. జంతుశాస్త్రంలో ఈ జాతికి ‘బాండికోటా’ అనే పేరు స్థిరపడింది. అంటే శాస్త్రనామంలో కూడా మన పంది నిలిచే ఉంది. పెద్ద పందికొక్కు తోక కాక అడుగుకు కాస్త తక్కువ పొడవుంటుంది. పొలాలలో తిరిగే చిన్న రకం వరి కంకులు కొరికి బొరియలలో నిలవచేస్తుంది. కోతల తరువాత యానాదులు, ఇరుళులు ఆ బొరియలు తవ్వి ధాన్యం తీసుకొనేవారు.

రెండో అర్థం సముద్రం దాటింది. 1788లో ఆస్ట్రేలియాలో ఆంగ్లేయుల వలస మొదలైంది. కొత్త జంతువులకు తెలిసిన జంతువుల పేర్లు తగిలించడం వలసవచ్చినవారి పద్ధతి. కోలాను ఎలుగుబంటి అన్నదీ వారే. కోసుముక్కుతో నేల తవ్వి పురుగులు తినే ఒక సంచిజంతువుకు భారతదేశంలో నేర్చిన ‘బాండికూట్’ పేరు పెట్టారు. ఎలుకకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. దాని సంచి వెనకవైపుకు తెరుచుకొంటుంది, తవ్వేటప్పుడు మట్టి పడకుండా. అందులోనే ‘పందికాళ్ళ బాండికూట్’ అనే రకం ఉండేది. తెలుగు తెలిసినవారికి అది ‘పందికాళ్ళ పందికొక్కు’! పేరు పెట్టినవారికి పంది అప్పటికే అందులో ఉందని తెలియదు పాపం. ఆ రకం ఇరవయ్యో శతాబ్దంలో అంతరించింది. ఇక్కడ బోను పెట్టి చంపే జీవి పేరుతోనే అక్కడ చట్టం కాపాడే జీవి ఉంది. విక్టోరియా రాష్ట్రంలో చారల బాండికూట్ అడవిలో అంతరించినట్లు లెక్కకట్టారు. పెంచి వదలగా 2021లో ఆ ముద్ర తొలగింది.

ఆస్ట్రేలియా ఆంగ్లంలో ఇది క్రియ కూడా అయింది. ఇతరుల తోటలో ఆకులూ కాడలూ కదలకుండా కింద దుంపలు మాత్రం తవ్వుకుపోవడం ‘బాండికూట్ చేయడం’. పైకి మొక్క పచ్చగానే ఉంటుంది, యజమానికి తవ్వినప్పుడు గాని తెలియదు. మనవాళ్ళు ప్రజాధనం మింగేవారిని ‘పందికొక్కుల్లా మేస్తున్నారు’ అంటారు. రెండు ఖండాలవారూ ఒకే మాటను దొంగతనానికే వాడారు, ఒకరినొకరు ఎరగకుండా. అక్కడే ‘కాలిన దిబ్బమీది బాండికూట్’ అనే పలుకుబడి ఉంది. దిక్కులేని ఒంటరి అని దాని భావం.

1996లో వచ్చిన ‘క్రాష్ బాండికూట్’ వీడియో ఆట ఈ మాటను పిల్లల నోట పెట్టింది. ఆ ఆటలోది ఆస్ట్రేలియా జంతువు. కాని 2018లో పేరు మళ్ళీ మన దేశానికి, మళ్ళీ బొరియ పనికే వచ్చింది. తిరువనంతపురంలో జెన్‌రోబోటిక్స్ సంస్థ మురుగుకాలువల మ్యాన్‌హోల్‌లోకి దిగి పూడిక తీసే మరమనిషిని తయారుచేసి ‘బాండికూట్’ అని పేరు పెట్టింది. మనుషులను ఆ పనికి దింపడాన్ని 2013 చట్టం నిషేధించినా విషవాయువులకు ప్రాణాలు పోతూనే వచ్చాయి. ఆ గోతిలోకి మనిషికి బదులు దిగే యంత్రానికి ఇప్పుడు మన పందికొక్కు పేరుంది.