తోంగ్‌పాల్ దారి, గోదావరి ఒడ్డు

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో, సుక్మా నుంచి జగ్దల్‌పూర్ వెళ్లే రహదారి మీద తోంగ్‌పాల్ ఉంది. 2013 మే 25న సుక్మా సభ ముగించుకొని ఈ దారినే తిరిగి వెళ్తున్న కాంగ్రెస్ నాయకులపై జీరమ్ లోయలో మావోయిస్టులు దాడి చేశారు. పీసీసీ అధ్యక్షుడు నందకుమార్ పటేల్, మావోయిస్టు వ్యతిరేక సాయుధ ఉద్యమం సల్వాజుడుం నేత మహేంద్ర కర్మ సహా 25 మందికి పైగా బలయ్యారు. రాజకీయ మర్యాద అంటే మాట జారకపోవడమే అనుకుంటాం. బస్తర్‌లో మాత్రం, సభకు వెళ్లినవాడు ప్రాణాలతో ఇల్లు చేరడమే మొదటి మర్యాద.

ఆ మర్యాద అంతకు చాలా ముందే పోయింది. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లలో తటస్థంగా బతికే చోటే లేకుండా పోయింది. వేలమంది ఆదివాసులు సరిహద్దు దాటి గోదావరి తీరంలోని ఖమ్మం, భద్రాచలం అడవులకు వచ్చారు. మనం గుత్తికోయలంటున్నది వీరినే. తుపాకీకి తుపాకీయే జవాబని వాదించేవారున్నారు. పౌరుల ప్రాణాలు కాపాడటం ప్రభుత్వ బాధ్యత, నిజమే. కానీ ఆదివాసీ యువకులకు ఆయుధాలిచ్చి ఆ పోరులోకి దించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తేల్చింది. గుత్తికోయలు పోడు కోసం అడవి నరుకుతున్నారన్న అభ్యంతరమూ కొట్టిపారేయదగ్గది కాదు. అయితే, స్వరాష్ట్రంలో ఎస్టీలైనవారికి సరిహద్దు దాటగానే ఆ గుర్తింపు దక్కకపోతే, దేశ సమైక్యతను వారు దేనిలో చూసుకోవాలి?