అప్పునకు తాకట్టైన బాల్యము

బిడ్డల శ్రమను తాకట్టు పెట్టరాదని మన దేశమున 1933వ సంవత్సరముననే చట్టము వెలసెను. విట్లే గారి యధ్యక్షతను కార్మికుల స్థితిగతులను విచారించిన రాయల్ కమిషన్ 1931లో నివేదికను వెలువరించెను. అందు బయలుపడిన ఘోరములలో, తలిదండ్రులు తీసికొన్న బయానాకు బదులుగా పసివారిని యజమానుల కప్పగించు నాచార మొకటి. పదునైదేండ్లు నిండని బిడ్డను గూర్చిన యట్టి యొడంబడిక చెల్లదనియు, చేసిన తండ్రికి 50 రూపాయలు, చేయించుకొన్న యజమానికి 200 రూపాయల వరకు జరిమానా యనియు చట్టము నిర్ణయించెను. తరువాత రాజ్యాంగమున 24వ అధికరణము చేరెను. 1986లో వేరొక చట్టము, 2016లో దానికి సవరణ వచ్చెను. అయినను 2011 జనాభా లెక్కలలో అయిదు మొదలు పదునాలుగేండ్ల వరకు వయస్సు గల పిల్లలు కోటికి పైగా పనివారుగా నమోదైరి. కావున లోపము చట్టముల సంఖ్యలో లేదు.

పేదరికము పోయిననే గాని పసివారి కూలి పోదని పెద్దలు పలువురు చెప్పుచుందురు. ఈ మాట వినుటకు కరుణతో గూడినదిగా నుండును గాని, దీని ఫలిత మేమి? పేదవాని బిడ్డ బడికి పోవుటకు తరములకొలది వేచియుండవలెనని. 1911లో గోఖలే మహాశయుడు నిర్బంధ ప్రాథమిక విద్యకై బిల్లును ప్రవేశపెట్టినప్పుడును దేశ మింకను సిద్ధముగా లేదన్నవారే యెక్కువ. మరుసటి యేడు 13 వోట్లకు 38 వోట్లతో దానిని ఓడించిరి. దేశము సిద్ధమగుటకు శతాబ్దము పట్టెను; విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీనగాని అమలునకు రాలేదు.

తెలుగు నేలనే యొక దృష్టాంతము కలదు. 1970లో గుజరాతునందు సంకరజాతి ప్రత్తి వెలువడిన పిదప, దాని విత్తనముల సాగు కర్నూలు, మహబూబునగరము జిల్లాలలో విస్తరించెను. సాయంకాలము మొగ్గలనుండి కేసరములను తీసివేసి, మరునాటి యుదయమున వేరొక జాతి పుప్పొడిని చేతితో నద్దవలెను. రైతులు దీనిని క్రాసింగు పని యందురు. పూతకాలము సాగినన్నాళ్లు ఒక్కొక్క పూవునకు ఈ పని జరుగవలసినదే. ఇందులకు వలసినది ఆడపిల్లలనిరి. వారి వ్రేళ్లు సన్ననివనిరి, నడుము తేలికగా వంగుననిరి. అసలు కారణము వేరు. ఆడపిల్ల కూలి పెద్దవారి కూలికన్న తక్కువ, ఆమె బేరమాడదు, పొమ్మన్నగాని పోదు. సాగు మొదలు కాకమునుపే తండ్రి చేతిలో బయానా పడెడిది. పురుగుమందు చల్లిన చేలలో ఆ పిల్ల దినమంతయు నిలిచి దానిని తీర్చెడిది. 1933 చట్టము నిషేధించిన దిదియే కదా!

ఈ ముడిని విప్పజూచినవారిలో మామిడిపూడి వేంకటరంగయ్య గారి పేర 1981లో ఏర్పడిన సంస్థ ముఖ్యమైనది. ఆంధ్రదేశ స్వాతంత్ర్యోద్యమ చరిత్ర సంపుటములకు సంపాదకత్వము వహించిన యా పండితుని మనుమరాలు, ఆచార్య శాంతా సిన్హా గారు, 1991 ప్రాంతమున రంగారెడ్డి జిల్లా గ్రామములలో పనికి పూనుకొనిరి. రాత్రిబడులతో తృప్తిపడుటకు వారు సమ్మతింపలేదు. పగలంతయు పశువుల వెంట తిరిగిన బాలుడు దీపము ముందు కునికిపాట్లు పడుటగాక మరేమి నేర్చును? బడికి పోని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే యనియు, ప్రతి బిడ్డయు పగటి బడిలో నుండవలసినదే యనియు వారి నియమము. జీతమునుండి విడివడిన పిల్లలను శిబిరములలో నుంచి, కొన్ని నెలలు బ్రిడ్జి కోర్సు చెప్పి, వయస్సునకు తగిన తరగతిలో చేర్చిరి. ఇంటింటికి తిరిగి నచ్చజెప్పినవారు ఆ యూళ్లలోని చదువుకొన్న యువకులే. ఈ కృషికి 2003లో మెగసెసే పురస్కారము లభించెను.

చదివింప నిచ్చగించని తలిదండ్రులకన్న, చేర్చుకొనుట కిచ్చగించని బడులే యడ్డు నిలిచిన సందర్భములు తక్కువ కావు. పుట్టిన తేదీ పత్రమేది, పదేండ్లవానిని ఒకటవ తరగతిలో నెట్లు కూర్చుండబెట్టుదుమనెడి ప్రశ్నలకు పలక పట్టని తండ్రి యేమి చెప్పగలడు? విద్యాహక్కు చట్టము వయఃపత్రము లేదని చేర్చుకొనక పోరాదనియు, వయస్సునకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక బోధన మీయవలెననియు శాసించినది ఈ యనుభవముల పిదపనే.

ఇక కుటుంబమునకు చేయూత. 2003 నుండి బడులలో వండి పెట్టుచున్న మధ్యాహ్న భోజనము ఒక పూట కూటి చింతను తీర్చినది. 2020లో ఆంధ్రప్రదేశమున తల్లులకు ఏటికి 15,000 రూపాయ లిచ్చు నమ్మఒడి మొదలైనప్పుడు, హాజరు నూటికి డెబ్బదియైదు పాళ్లుండవలెనన్న షరతు పెట్టిరి; అది మంచిదే. కాని పేదయింటి యప్పు ఏటికొకసారి తేదీ చూచుకొని రాదు. భర్త జబ్బుపడిన నాడు, పెండ్లి కుదిరిన నాడు వచ్చును. ఆ నాడే బయానా తెచ్చువాడును వాకిట నిలుచును. కావున మహిళా సంఘపు పొదుపునుండి ఆ వారముననే చేబదులు దొరకు నేర్పాటు, ఏటికొకసారి ముట్టు పెద్ద మొత్తముకన్న బిడ్డను బడిలో నిలుపునని మా యభిప్రాయము. తల్లి కూలికి పోవునప్పుడు చంటిబిడ్డను చూచుట కంగన్‌వాడీ తెరచియుండుటయు నట్టిదే. లేనిచో పెద్దకూతురు బడి మానును, ఆమె పేరు ఏ కార్మికుల పట్టికలోను కనబడదు.

ఇందువలననే 2016 సవరణలోని యొక మినహాయింపు మమ్ము కలవరపెట్టుచున్నది. బడివేళల తరువాతను, సెలవులలోను పిల్లలు కుటుంబపు వృత్తిలో సాయపడవచ్చునట. అది ప్రమాదకరము కాకున్న చాలునట. తండ్రి వెంట కుమ్మరిసారె త్రిప్పుట వేరు, ఇంటిలోనే గుత్తపనికి బీడీలు చుట్టుట వేరని చట్టము చదివినవారందురు. ఇంటి తలుపు మూసియున్నప్పుడు లోపల జరుగునది యేదియో తేల్చు తనిఖీదారు ఎన్ని గ్రామములు తిరుగగలడు? ఆ పని గ్రామపంచాయతీలు చేయగలవు. బడి హాజరుపట్టీని, అందును ప్రత్తి పూతకాలపు నెలల పుటలను, గ్రామసభలో బిగ్గరగా చదివించినచో, ఏ యింటి పిల్ల యెచ్చట నున్నదో ఊరివారికి తెలియనిది కాదు.