కోళ్ల మేతలో ఆఖరి మందు

వెంటిలేటర్ మీదున్న రోగికి క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా సోకి, అది మెరోపెనెమ్ లాంటి యాంటీబయాటిక్‌కీ లొంగకపోతే విజయవాడ ఐసీయూల్లోనైనా మరెక్కడైనా డాక్టర్ల చేతిలో మిగిలేవి ఒకటి రెండు మందులే. అందులో కొలిస్టిన్ ఒకటి. కొత్తదేం కాదు. కిడ్నీలను దెబ్బతీస్తుందని 1970ల్లో దాదాపు పక్కన పెట్టేసి, గతిలేక మళ్లీ బయటికి తీశారు.

ఈలోగా అది కోళ్ల మేతలోకి చేరింది. మేతలో చిటికెడు యాంటీబయాటిక్ కలిపితే కోడి త్వరగా బరువెక్కుతుందన్న సంగతి అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో బయటపడింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అక్కడ పరిశోధనలకు అధిపతిగా ఉన్నప్పుడే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ పుట్టింది. దాని తయారీలో మిగిలిన పిప్పి తిన్న కోడిపిల్లలు ఏపుగా పెరిగాయి. 1948 ఆగస్టులో సుబ్బారావు పోయారు. ఈ అలవాటు ఎంతదూరం పాకిందో ఆయన చూడలేదు.

చిటికెడు మోతాదుతోనే చిక్కు. బలహీనమైన బ్యాక్టీరియా చస్తుంది, తట్టుకున్నదానికి చోటు ఖాళీ అవుతుంది. కొలిస్టిన్‌ను ఎదిరించే ఎంసీఆర్-1 జన్యువును చైనా శాస్త్రవేత్తలు 2015లో ప్రకటించారు. అది ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ఉంగరం మీద ఉంటుంది, జాతి వేరైన బ్యాక్టీరియాకీ అందుతుంది. 2019 జులైలో మన కేంద్ర ప్రభుత్వం ఆహారానికి పెంచే జంతువుల కోసం, వాటి మేత కోసం కొలిస్టిన్ తయారీని, అమ్మకాన్ని, పంపిణీని నిషేధించింది. గన్నవరం, నూజివీడు ఫారాలకూ అది వర్తిస్తుంది.

తప్పంతా కోళ్లవాళ్ల మీదికి నెట్టేస్తే మనకు హాయే. కానీ మన ఆసుపత్రుల్లో కొలిస్టిన్‌కు లొంగని క్లెబ్సియెల్లాను విప్పి చూస్తే ఎంసీఆర్ అరుదు. ఎక్కువగా దాని సొంత క్రోమోజోములోని ఎంజీఆర్‌బీ జన్యువే చెడి ఉంటుంది. అంటే మందు పడుతున్న రోగి ఒంట్లోనే మొండిది తయారై, పక్క మంచానికి పాకుతోందన్నమాట.

పాకేది ఎలాగంటే, ఒక రోగి యూరిన్ బ్యాగ్ ఖాళీ చేసిన గ్లవ్స్‌తోనే పక్క మంచం దగ్గర కాన్యులా సరిచేస్తారు. గ్లవ్స్ ఉన్నాయిగా అన్న ధీమా. ఆ గ్లవ్స్ కాపాడేది వేసుకున్నవాళ్లని, రోగిని కాదు. తీసిపారేసి, శానిటైజర్‌తో అర నిమిషం రుద్దుకోవాలి. ఇద్దరు ముగ్గురు నర్సులు పదిహేను మంచాలు చూసుకునే రాత్రి డ్యూటీలో ఆ అర నిమిషం దొరకడం మాటలు కాదు. పోస్టర్లు అంటించే ముందు మనుషుల్ని పెంచాలి, అదే మొదటి పని.

రెండో పని, మొదటి డోసుకు ముందే బ్లడ్ కల్చర్‌కి రక్తం తీయడం. డోసు పడ్డాక తీస్తే సీసాలో ఏమీ పెరగకపోవచ్చు, డాక్టరు ఊహ మీదే రెండు మూడు మందులు నడుపుతారు. మూడోదానికి పైసా ఖర్చు లేదు. రౌండ్లలో ప్రతి ఉదయం ఒక ప్రశ్న: ఈ యూరిన్ గొట్టం ఇవాళ తీసేయొచ్చా?