బలమంతా ఆ రాడ్డులోనే!

టర్బో బిగించి ఇంజిన్ పవర్ రెట్టింపు చేయాలని ఉబలాటపడే కుర్రాళ్లు మన ఇళ్లలోనూ ఉన్నారు. సైలెన్సర్, చక్రాలు, రంగులు... అన్నీ చూస్తారు. లోపలున్న కనెక్టింగ్ రాడ్‌ను మాత్రం చివర్లో తలుచుకుంటారు. అప్పటికి అది బ్లాకును చీల్చుకుని బయటికొచ్చేసి ఉంటుంది!

వానాకాలం. వీధినిండా మోకాల్లోతు నీళ్లు. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్ కాలనీలు చూసిన నీళ్లు గుర్తున్నాయిగా! అలాంటి నీళ్లలోకి 'ఏం కాదులే' అని కారు పోనిచ్చారనుకోండి. గాలి పీల్చే గొట్టంలోంచి ఓ టీ గ్లాసుడు నీళ్లు సిలిండర్‌లోకి వెళితే చాలు. గాలి అయితే నొక్కితే అణుగుతుంది. నీళ్లు అణగవు. పిస్టన్ ఆగిపోతుంది, క్రాంకు ఆగదు. ఆ రెంటి మధ్యా నలిగి వంకరపోయేది కనెక్టింగ్ రాడ్. (మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలవమనేది అందుకే.)

టర్బో చేసే పనీ కొంత ఇలాంటిదే. గాలిని బలవంతంగా కూరుతుంది, మంట ఒత్తిడి పెరుగుతుంది. 80 మిల్లీమీటర్ల బోరున్న సిలిండర్‌లో ఒత్తిడి 100 బార్లకు చేరితే రాడ్డు నెత్తిన పడేది అయిదు టన్నులు. అదే 140 బార్లయితే ఏడు టన్నులు!

నెట్టేది ఒకటి... లాగేది ఇంకొకటి

నెట్టుడు సగం కథే. ఇంజిన్ నిమిషానికి 7,000 చుట్లు తిరుగుతుంటే పిస్టన్ సెకనుకు 230 సార్లకు పైగా ఆగి వెనక్కి మళ్లాలి. పొగను బయటికి తోసి పైకొచ్చిన పిస్టన్‌ను కిందికి గుంజేది రాడ్డే. పిస్టన్, పిన్ను, రాడ్డు పైభాగం కలిపి 600 గ్రాములే అనుకుందాం. 80 మిల్లీమీటర్ల స్ట్రోకు ఇంజిన్లో ఆ క్షణాన పడే లాగుడు సుమారు 1,700 కిలోలు! చుట్లు సగానికి తగ్గితే ఇది నాలుగో వంతుకు పడిపోతుంది. చుట్లు రెట్టింపయితే నాలుగింతలవుతుంది.

'నా ఇంజిన్ 400 హార్స్‌పవర్. ఏ రాడ్డు వేయాలి?' అన్న ప్రశ్నకు జవాబు లేనిది ఇందుకే. తక్కువ చుట్లలో ఎక్కువ బూస్టుతో వచ్చే 400 వేరు, ఎక్కువ చుట్లతో రాబట్టే 400 వేరు. మొదటిది రాడ్డును వంచుతుంది. రెండోది బోల్టును తెంపుతుంది.

కాజీపేట పాఠం

ఇందుకు ఉదాహరణ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. కాజీపేట డీజిల్ లోకోషెడ్ చుట్టుపక్కల పెరిగినవాళ్లకు ఆల్కో ఇంజిన్ల మోత చిన్నప్పటి నుంచీ పరిచయమే. డబ్ల్యూడీఎం-2 రైలింజిన్‌కు టర్బో ఉంది, 16 సిలిండర్లున్నాయి. 1,000 చుట్ల దగ్గర 2,600 హార్స్‌పవర్ ఇచ్చేది. 1994లో మొదలైన, తర్వాత డబ్ల్యూడీఎం-3ఏగా పేరు మారిన రకం 1,050 చుట్ల దగ్గర 3,100 ఇచ్చింది. లెక్క చూడండి. పవర్ 19 శాతం పెరిగింది, చుట్లు పెరిగింది 5 శాతమే! మిగతాదంతా సిలిండర్ ఒత్తిడి నుంచి రాబట్టిందే. నెమ్మదిగా తిరుగుతూ గట్టిగా నెట్టే ఇంజిన్ అది. అందులో రాడ్డుకు లావే అందం. రేసు కారుకు అదే లావు శాపం, బరువు పెరిగితే లాగుడూ పెరుగుతుంది మరి.

రకాలు, ధరలు

కారు విషయానికొస్తే, బూస్టు ఇంజిన్లకు ఎక్కువగా వాడేది 4340 ఉక్కును కొట్టి చేసిన రాడ్లు. నికెల్, క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఈ ఉక్కు మన ల్యాత్ షాపుల్లో వినిపించే ఈఎన్24కి దగ్గరి చుట్టం. టైటానియం తేలిక, కానీ ధర వింటే కళ్లు తిరుగుతాయి. అల్యూమినియం రాడ్లు త్వరగా అలసిపోతాయి, డ్రాగ్ రేసులకే బాగుంటాయి. 'ఐ' ఆకారమా, 'హెచ్' ఆకారమా అని గంటల తరబడి వాదించుకుంటారు. నన్నడిగితే అంత గొడవ అనవసరం. మంచి తయారీ అయితే రెండూ పనిచేస్తాయి. ఆ డబ్బేదో బోల్టుల మీద పెట్టడం మేలు.

చాలాసార్లు ముందు తెగేది ఆ వేలెడంత బోల్టే. బిగించినప్పుడు అది స్ప్రింగులా సాగి, కింది టోపీని పట్టి ఉంచాలి. టార్క్ రెంచ్ ఒక్కదాన్నే నమ్మితే చాలదు. మరల్లో మురికి, నూనె తేడాలుంటే రీడింగ్ ఒకటి, అసలు బిగువు ఇంకొకటి. అందుకే తెలిసినవాళ్లు బోల్టు ఎంత సాగిందో కొలుస్తారు. ఒక రాడ్డు టోపీని ఇంకోదానికి మార్చరు. నాలుగు రాడ్లనూ తూచి, గ్రాము తేడా వచ్చినా సరిచేస్తారు.

అన్నట్టు, ఇలా మార్చిన ఇంజిన్ రేసు ట్రాక్‌కే. రోడ్డు బండికి ఇష్టమొచ్చిన మార్పులు చేయడానికి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు.

బిగించే ముందే ప్రతి బోల్టు పొడవూ మైక్రోమీటర్‌తో కొలిచి నోట్‌బుక్‌లో రాసుకోండి. మళ్లీ ఇంజిన్ విప్పినప్పుడు ఆ అంకె చూడండి. కొత్తలో ఉన్నదానికంటే పొడవు పెరిగిన బోల్టు కనిపిస్తే, దాన్ని పారేయండి.